మంచు తుఫాను వెలిసిన మర్నాడు కొండెక్కొచ్చా? అవలాంచ్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

రెండు రోజులు ఎడతెరిపి లేకుండా మంచు కురిసింది. మూడో రోజు పొద్దున్నే ఆకాశం తేటపడింది. గాలి తగ్గింది, ఎండ కాస్తోంది, కొండ మీద ఒక్క అడుగు జాడ కూడా లేదు. స్కీలు, స్నోషూలు (మంచులో దిగబడకుండా బూట్లకు కట్టుకునే వెడల్పాటి అడుగులు) ఉన్నవాళ్లకు ఇంట్లో కాలు నిలవదు. సరిగ్గా ఆ పొద్దున అడిగే ప్రశ్నలివి. సిబ్బంది కాపలా కాసే స్కీ రిసార్ట్ గురించి ఇక్కడ చెప్పడం లేదు. ముందుగా ఎవరూ వాలును పరీక్షించి ఉంచని బ్యాక్‌కంట్రీ గురించే ఇదంతా.

అవలాంచ్ అంటే హిమపాతమేనా? మంచు కురిసినా అదే మాట అంటారు కదా?

అదే తంటా. ఆకాశం నుంచి మంచు కురిసినా పేపర్లో హిమపాతమే, కొండ మీది మంచు విరిగి కిందికి దూసుకొచ్చినా హిమపాతమే. మొదటిదాన్ని చూడ్డానికి జనం టికెట్లు కొనుక్కుని మరీ వెళ్తారు. అందుకే గందరగోళం లేకుండా రెండోదాన్ని ఇక్కడ అవలాంచ్ అనే అంటాను.

ఇందులో ముఖ్యంగా రెండు రకాలు. వదులు మంచు ఒకచోట కదిలి, కిందికి పోయేకొద్దీ వెడల్పవుతూ జారేది మొదటి రకం. ఇది చాలాసార్లు చిన్నదే, కాకపోతే అంచున నిలబడ్డ మనిషిని లోయలోకి నెట్టడానికి ఆ కాస్త చాలు. ఎక్కువ ప్రాణాలు తీసేది రెండోది, మంచు పలక. గట్టిగా అతుక్కున్న ఒక పొర, కింద ఉన్న బలహీనమైన పొర మీద నిలబడి ఉంటుంది. కిందిది కుప్పకూలితే పైపొర బడిపిల్లల పలకలా అడ్డంగా పగిలి, ముక్కలై జారుతుంది. పగులు చాలాసార్లు మీకు పైన ఎక్కడో వస్తుంది. మీరు గమనించేసరికి నిలబడ్డ చోటంతా కదులుతూ ఉంటుంది.

50 మీటర్ల వెడల్పు, 60 మీటర్ల పొడవు, 40 సెంటీమీటర్ల మందం ఉన్న పలకను ఊహించుకోండి. కొండల లెక్కలో ఇది పెద్దదేం కాదు. ఘనపు మీటరుకు 200 కిలోలు వేసుకున్నా 240 టన్నులు. పొడి పలక అయితే గంటకు 100 కిలోమీటర్ల వేగం దాటడం మామూలే.

తుఫాను వెలిసిపోయింది, ఎండ కూడా వచ్చింది. ఇంకా టెన్షన్ ఎందుకు?

అర మీటరు కొత్త మంచు పడిందంటే కింది పొర మీద చదరపు మీటరుకు ఇంచుమించు 50 కిలోల కొత్త బరువు పడినట్టు. అదే బరువు పది రోజుల్లో కొద్దికొద్దిగా పడి ఉంటే పాత మంచు దానికి సర్దుకునేది. ఒక్క రాత్రిలో పడితే ఆ వ్యవధి ఉండదు. చాలా వాలులు ఆ బరువుకే వాటంతటవే విరిగిపడతాయి. మిగిలినవి కూడా గట్టివనుకోవడానికి లేదు. వాటిలో కొన్ని ఇంకొక్క మనిషి బరువు పడితే చాలు అన్న స్థితిలో ఆగి ఉంటాయి. ఆ మనిషి ఎండ వచ్చాక వస్తాడు.

నన్నడిగితే తుఫాను రోజుకన్నా ఆ మర్నాటి నీలాకాశమే ఎక్కువ భయపెట్టాలి. తుఫానులో బయటికి వెళ్లాలని ఎవరికీ ఉండదు. ఎండ రోజున అందరికీ ఉంటుంది. మనుషుల్ని చంపిన అవలాంచ్‌లలో దాదాపు 90 శాతం ఆ మనిషో, అతని బృందంలో ఇంకొకరో కదిలించినవే. మంచు దానంతటది వచ్చి మీద పడ్డ ప్రమాదాలు తక్కువ.

తుఫాను ఎలా మొదలై ఎలా ముగిసిందో కూడా చూడాలి. చలిగా మొదలై చివర్లో వేడెక్కితే తేలిక మంచు కింద, బరువు మంచు పైన చేరతాయి. ఇది చెడ్డ వరుస. వెచ్చగా మొదలై చలిగా ముగిస్తే పొరలు కాస్త మెరుగ్గా అతుక్కుంటాయి.

అయితే ఎన్ని రోజులు ఆగాలి?

మొదటి 24 నుంచి 48 గంటలు చాలా ప్రమాదం, ఇందులో వాదన లేదు. కొత్త మంచులోని బలహీనత ఒక్కటే సమస్య అయితే ఆ తర్వాత రెండు మూడు రోజుల్లో అది సర్దుకోవచ్చు. బాగా చలిగా ఉంటే ఇంకా ఆలస్యమవుతుంది. చలికి మంచు గట్టిపడుతుంది కదా అనుకుంటారు చాలామంది. నిజానికి చలి ఆ బలహీనతను ఫ్రిజ్‌లో పెట్టినట్టు అలాగే నిలబెడుతుంది.

అసలు చిక్కు పాత పొరలతో. మబ్బులేని చలి రాత్రుల్లో మంచు పైన ఈకల్లాంటి స్ఫటికాలు పుడతాయి. పొద్దున ఎండలో తళతళా మెరుస్తుంటే ఫోటోలు తీసుకోని వాళ్లుండరు. వాటి మీద కొత్త మంచు పడి కప్పేస్తే అవి పేకముక్కల్ని నిలబెట్టినట్టు లోపలే ఉండిపోతాయి. ఇంకొకటి, సీజన్ మొదట్లో మంచు పలుచగా ఉన్నప్పుడు తయారయ్యేది. నేల దగ్గర ఉష్ణోగ్రత సున్నా డిగ్రీలకు దగ్గరగా ఉంటుంది, పైన గాలి మైనస్ 15, మైనస్ 20. ఆ తేడాకు అడుగున ఉన్న మంచు పంచదార పలుకుల్లా మారిపోతుంది. గుప్పిట్లో పట్టి నొక్కి చూడండి, ఉండ కట్టదు, వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది. ఇలాంటి పొరలు వారాల తరబడి, ఒక్కోసారి సీజనంతా ప్రమాదంగానే ఉంటాయి. వీటికి "రెండు రోజులు ఆగాం కదా" అన్న లెక్క పనికిరాదు.

ఏ వాలు ప్రమాదకరమో ఎలా తెలుస్తుంది?

ఈ పేజీలో ఒక్క జవాబే చదవాలనుకుంటే ఇది చదవండి. పలక అవలాంచ్‌లలో ఎక్కువ భాగం 30 నుంచి 45 డిగ్రీల వాలుల్లో మొదలవుతాయి. 35–40 మధ్య మరీ ఎక్కువ. దురదృష్టం ఏమిటంటే స్కీయింగ్‌కు మజా ఇచ్చే వాలు కూడా అదే. 30 కన్నా తక్కువ వాలులో, పైన నిటారు వాలు లేనిచోట తిరిగితే మంచు ఎంత చెడ్డగా ఉన్నా చాలావరకు బతికిపోయినట్టే.

కంటితో అంచనా వేయొద్దు. ఫోన్‌లో కోణం చూపించే యాప్ ఉంటుంది. అది లేకపోయినా సమాన పొడవున్న రెండు స్కీ కర్రలు చాలు. ఒకదాన్ని మంచు మీద నిటారుగా నిలబెట్టండి. రెండోదాన్ని అడ్డంగా, నేలకు సమాంతరంగా పట్టుకుని, దాని కొన కొండ వైపు మంచుకు తగిలేలా ఉంచండి. ఇప్పుడు రెండో చివర నిటారు కర్రను ఎక్కడ తాకిందో చూడండి. సరిగ్గా సగంలో తాకితే వాలు 27 డిగ్రీలు. సగం కన్నా కాస్త పైన అయితే 30. మొత్తం పైచివరన తాకితే 45. కర్ర మునిగిపోయే పొడి మంచు అయితే కింద ఒక స్కీ పెట్టి దాని మీద కొలవండి.

మ్యాప్ యాప్‌లలో నిటారు వాలులకు రంగులేసి చూపిస్తారు. ఇంట్లో కూర్చుని దారి గీసుకోవడానికి అది బాగా పనికొస్తుంది. కాకపోతే పది పదిహేను మీటర్ల చిన్న మిట్టలు ఆ రంగుల్లో కనపడవు, అవీ మనిషిని పూడ్చగలవు.

మీరున్న వాలు ఒక్కటే చూసుకుంటే సరిపోదు, నెత్తి మీద ఏముందో కూడా చూడాలి. చదును నేల మీద నడుస్తూ పైనున్న వాలును కదిలించడం జరుగుతుంది. బలహీన పొర కింద విరిగితే ఆ పగులు పైదాకా పాకిపోతుంది.

గాలికీ దీనికీ సంబంధం ఏమిటి?

మంచు కురవడం ఆగినా గాలి ఆగకపోతే ఆ వాలు మీద తుఫాను ఇంకా నడుస్తున్నట్టే. గాలి ఒక వైపు నుంచి మంచును ఊడ్చి శిఖరం అవతలి వైపు పోస్తుంది. కురిసే మంచుకన్నా పది రెట్ల వేగంతో కూడా పోయగలదు. అవలాంచ్ ప్రమాదం గురించి వచ్చే బులెటిన్‌లో 20 సెంటీమీటర్లు పడిందని ఉంటుంది, గాలి చాటు వాలులో మీటరున్నర ఉంటుంది.

గుర్తులు కళ్లకు కనిపిస్తాయి. దిండులా ఉబ్బిన నున్నటి మంచు, అడుగేస్తే డొల్లగా డప్పు మీద నడిచినట్టు చప్పుడు, శిఖరం అంచున ఇంటి చూరులా బయటికి పొడుచుకొచ్చిన మంచు. ఆ చూరు మీదికి ఫోటో కోసం వెళ్లేవాళ్లున్నారు. అది విరిగితే అంచు దగ్గర విరగదు, మీరు రాయి ఉందనుకున్న చోటు నుంచి, మీ వెనక నుంచి విరుగుతుంది.

బులెటిన్‌లో 3 అని ఉంది. 5లో 3 అంటే ఫర్వాలేదు కదా?

పరీక్షలో అయితే ఫర్వాలేదు. ఇక్కడ అంకె ప్రమాద స్థాయి: 1 తక్కువ, 2 ఓ మోస్తరు, 3 గణనీయం, 4 ఎక్కువ, 5 అతి ఎక్కువ. మెట్ల మధ్య ఎత్తు సమానం కాదు, ఒక్కో మెట్టుకు ప్రమాదం చాలా రెట్లు పెరుగుతుంది. 3 అంటే మనిషి బరువుకు అవలాంచ్ కదిలే అవకాశం బాగా ఉందని అర్థం. ఎక్కువ మరణాలు జరిగేది ఈ స్థాయి ఉన్న రోజుల్లోనే. 5 అని చూసినవాడు ఇంట్లో ఉంటాడు, 3 చూసినవాడు బయల్దేరతాడు.

అంకె చూసి బులెటిన్ మూసేయకండి. ఏ ఎత్తులో, ఏ దిక్కుకు తిరిగిన వాలులో, ఎలాంటి సమస్య అన్నది కిందే రాసి ఉంటుంది. అంకెకన్నా ఆ నాలుగు లైన్లే ఎక్కువ ఉపయోగం.

దారిలో ఏం కనిపిస్తే వెనక్కి తిరగాలి?

చుట్టుపక్కల అదే ఎత్తులో, అదే దిక్కున ఉన్న వాలుల్లో కొత్త అవలాంచ్ జాడలు కనిపిస్తే ఇంకో రుజువు అక్కర్లేదు. స్కీ కొన నుంచి మంచు మీద పగుళ్లు గాజు మీద బీట పాకినట్టు పరుగెడితే తిరిగిపోండి. ఒక్కసారిగా వేడెక్కినా, మంచు మీద వాన పడినా అంతే.

వీటన్నిటికన్నా మర్చిపోలేనిది చప్పుడు. నేనది మొదటిసారి ఒక చదును మైదానంలో విన్నాను. అడుగేశాను, కాళ్ల కింద నేల ఒక సెంటీమీటరు దిగినట్టయింది. "వుమ్ఫ్" అని బరువైన పరుపు మీద ఎవరో కూలబడ్డ చప్పుడు. ముప్పై మీటర్ల దూరంలో ఒక చిన్న మొక్క వణికి మంచు రాల్చింది. కింది బలహీన పొర అంతదాకా కుప్పకూలిందన్నమాట. చదునైన చోటు కాబట్టి జారలేదు. అదే వాలు మీద అయి ఉంటే ఈ పేజీ ఇంకెవరో రాసేవారు.

గట్టిగా అరిస్తే అవలాంచ్ వస్తుందా?

రాదు. మనిషి గొంతుకు అంత బలం లేదు. పేలుడు వేరే సంగతి, రోడ్లకు ఎగువన కొండ మీదున్న మంచును కావాలని దించడానికి పేలుడు పదార్థాలు వాడతారు.

ముందు వెళ్లినవాళ్ల జాడలు ఉన్నాయి. అంటే సేఫ్ అనుకోవచ్చా?

వాళ్లు పలకలో మందంగా ఉన్న చోటి మీదుగా వెళ్లి ఉండొచ్చు. మీరు రెండు మీటర్లు పక్కకు, పలుచగా ఉన్న చోటికి వెళ్తారు. కింది పొరకు బరువు తగిలేది పలుచటి చోటే. ఐదుగురు దిగాక ఆరోవాడికి విరిగిన వాలులు చాలానే ఉన్నాయి.

చెట్ల విషయం కూడా ఇంతే. మధ్యలోంచి హాయిగా స్కీ చేసేంత ఎడం ఉందంటే ఆ చెట్లు మంచును పట్టి ఆపేంత దట్టంగా లేనట్టే. పైగా కొట్టుకుపోతే గుద్దుకునేది వాటికే. అవలాంచ్ మరణాల్లో సుమారు నాలుగో వంతు ఊపిరాడక జరిగినవి కావు, దెబ్బలు తగిలి జరిగినవి.

వెంట ఏం ఉండాలి?

బీకన్, ప్రోబ్, పార. ముగ్గురు వెళ్తే ముగ్గురి దగ్గరా మూడూ. ఒకటి తక్కువైతే మిగతా రెండూ దాదాపు దండగే.

బీకన్ అంటే ఒంటికి కట్టుకునే చిన్న రేడియో పరికరం. మామూలుగా సిగ్నల్ పంపుతుంది, వెతికే మోడ్‌లో పెడితే కూరుకుపోయినవాడి సిగ్నల్ పట్టి ఎంత దూరమో అంకెల్లో చూపిస్తుంది. ప్రపంచమంతా ఒకటే ఫ్రీక్వెన్సీ, 457 కిలోహెర్ట్జ్, కాబట్టి ఏ కంపెనీదైనా ఇంకోదానికి వినిపిస్తుంది. దాన్ని బ్యాగ్‌లో పెట్టకూడదు, బ్యాగ్ ఊడిపోతే అదీ పోతుంది. ఫోన్‌ను దానికి కనీసం 20 సెంటీమీటర్ల దూరంలో, వెతికేటప్పుడు 50 సెంటీమీటర్ల దూరంలో ఉంచండి. ప్రోబ్ అంటే కూరుకుపోయిన మనిషి కోసం మంచులోకి గుచ్చి చూసే, మడిచే పొడవాటి సన్నటి కడ్డీ, 240 సెంటీమీటర్లకు తగ్గకూడదు. పార లోహంది కావాలి. గట్టిపడ్డ అవలాంచ్ మంచులో ప్లాస్టిక్ పార విరుగుతుంది.

ఎయిర్‌బ్యాగ్, అంటే పిడి లాగగానే వీపు మీద గాలితో ఉబ్బే సంచి, కూడా పనిచేస్తుంది. డబ్బాలో గింజలు కుదిపితే పెద్దవి పైకి తేలతాయి కదా, సూత్రం అదే. గట్టిగా చిక్కుకున్నవాళ్లలో మరణాలు 22 శాతం నుంచి 11 శాతానికి తగ్గాయని 2014లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. అంటే తెరుచుకున్నా తొమ్మిది మందిలో ఒకరు పోతున్నారు. చెట్ల మీదికో, రాళ్ల మీదికో విసిరేస్తే అది చేసేదేం లేదు. ఇన్ని కొన్నాం కదా అని ఇంకాస్త నిటారు వాలుకు వెళ్లేవాళ్లను చూస్తే నాకు అసలు కొనకుండా ఉంటేనే నయం అనిపిస్తుంది.

చిక్కుకుంటే ఏం చేయాలి?

చేయగలిగేది తక్కువ, ఉన్న టైమూ తక్కువ. అరవండి, మీవాళ్లు మిమ్మల్ని చివరిసారి ఎక్కడ చూశారో గుర్తుపెట్టుకోవాలి. ఎయిర్‌బ్యాగ్ ఉంటే వెంటనే లాగండి. పక్కకు తప్పించుకునే వీలుంటే ప్రయత్నించండి, కర్రలు వదిలేయండి. వేగం తగ్గుతోందనిపించగానే చేతులు ముఖం ముందు పెట్టుకుని కాస్త ఖాళీ చేసుకోండి. ఆగిన తర్వాత చేద్దామంటే కుదరదు, ఆగిన క్షణాల్లో మంచు సిమెంటులా బిగుసుకుంటుంది, వేలు కూడా కదలదు. ఉమ్మి ఎటు జారుతుందో చూసి పైకి తవ్వుకోవాలనే సలహా ఎక్కడో చదివే ఉంటారు. పైకి ఎటో తెలిసినా తవ్వే చెయ్యి ఉండదు.

స్నేహితుడు కూరుకుపోయాడు. ముందు ఫోన్ చేయాలా, వెతకాలా?

ముగ్గురు నలుగురు ఉంటే ఒకరు ఫోన్, మిగతావాళ్లు వెతకడం. మీరొక్కరే మిగిలి, సిగ్నల్ కోసం కొండ దిగాల్సిన పరిస్థితి అయితే ఫోన్ మాట మర్చిపోండి. 1994లో అచ్చయిన స్విట్జర్లాండ్ లెక్కల్లో 15 నిమిషాల్లోపు తీసినవాళ్లలో 92 శాతం బతికారు, 35 నిమిషాల దగ్గర అది 30 శాతం. తర్వాత వచ్చిన లెక్కలు ఆ మొదటి గడువును 10 నిమిషాలకు కుదించాయి. హెలికాప్టర్ అంత త్వరగా రాదు. అతనికి దిక్కు మీరే.

ముందు పైన ఇంకో పలక వేలాడుతోందేమో ఒక్కసారి చూడండి. అందరూ బీకన్లను వెతికే మోడ్‌లోకి మార్చాలి, ఒక్కరు మర్చిపోయినా అందరూ అతని వెంటే పడతారు. చివరిసారి కనిపించిన చోటు నుంచి కిందికి వెతకండి, పైకి తేలిన గ్లవ్, కర్ర ఏదైనా ఉంటే లాగి చూడండి. బీకన్ చూపే దూరం అంకె చిన్నదయ్యేకొద్దీ మీరూ నెమ్మదించాలి. చివరి మూడు మీటర్లలో బీకన్‌ను మంచుకు ఆనించి, తిప్పకుండా, గీత గీసినట్టు జరపండి. అతి చిన్న అంకె వచ్చిన చోట ప్రోబ్ దించండి. తగలకపోతే చుట్టూ 25 సెంటీమీటర్ల ఎడంతో గుండ్రంగా పొడుస్తూ వెళ్లండి. మనిషి తగిలితే నేలలా గట్టిగా ఉండదు, మెత్తగా వెనక్కి తోస్తుంది. తగిలాక ప్రోబ్ బయటికి లాగకండి.

ఎక్కువ టైమ్ తినేది తవ్వడమే, దీన్ని ఎవరూ ప్రాక్టీస్ చేయరు. మీటరు లోతులో ఉన్న మనిషి కోసం టన్నుకు పైగా మంచు ఎత్తిపోయాలి. ప్రోబ్ దగ్గర నిలబడి బావిలా తవ్వితే అతని ఊపిరి ఖాళీనే తొక్కేస్తారు. లోతుకు ఒకటిన్నర రెట్లు వాలు కిందికి దిగి, అక్కడి నుంచి అడ్డంగా తవ్వుకుంటూ రండి. ముందువాడు అలసిపోక ముందే మారిపోవాలి. ముఖం కనపడగానే ముందు నోరు, ముక్కు, ఆపై ఛాతీ మీది మంచు తీసేయండి.

నేను మొదటిసారి ప్రాక్టీస్ చేసినప్పుడు పూడ్చింది ఒక బ్యాగ్‌ను. ఎండలో, తీరిగ్గా, ఎవరి ప్రాణమూ పోని చోట నాకు 22 నిమిషాలు పట్టింది.

మేం స్కీ చేయం, లోయలో దారి వెంట నడుస్తాం అంతే. మాకూ ఇదంతా అవసరమా?

దారి పైన ఏముందన్నదే ప్రశ్న. పెద్ద అవలాంచ్ చదును నేల మీద కూడా చాలా దూరం వస్తుంది. 1999 ఫిబ్రవరి 23న ఆస్ట్రియాలోని గాల్ట్యూర్ ఊళ్లో, సురక్షితమని మ్యాపుల్లో గుర్తించిన భాగంలోకి దూసుకొచ్చి 31 మందిని చంపింది. వాళ్లెవరూ కొండెక్కలేదు. అంతకుముందు వారాలపాటు తుఫాను మీద తుఫాను వచ్చింది.

వాగు గుంటల్లో నడవకండి. చిన్న అవలాంచ్ కూడా అక్కడ పోగుపడి లోతుగా పూడ్చేస్తుంది. ప్రమాదమనిపించే చోటు దాటక తప్పకపోతే ఒక్కొక్కరుగా దాటండి, మిగతావాళ్లు సురక్షితమైన చోట నిలబడి కళ్లప్పగించి చూడాలి. ఫోన్ చూసుకోవడం కాదు.

బృందంలో అందరికీ వెళ్లాలని ఉంది, నాకొక్కడికే అనుమానం. ఏం చేయాలి?

చెప్పేయండి. కొత్తవాడికి నోరు మెదపడం కష్టమే, అనుభవం ఉన్న అన్నయ్య "నేనిక్కడ ఇరవై సార్లు దిగాను" అంటాడు. ఆ ఇరవై సార్లు వాలు గట్టిగా ఉండి బతికాడో, అదృష్టం బాగుండి బతికాడో కొండ చెప్పదు. ఇంట్లో బయల్దేరక ముందే ఒక మాట అనుకోండి: ఎవరు "వద్దు" అన్నా అందరూ వెనక్కే, కారణం అడగకూడదు. పొద్దున్నే ఒప్పుకున్న ఈ మాట మధ్యాహ్నం వాలు అంచున "వద్దు" అనడాన్ని చాలా తేలిక చేస్తుంది.

కుక్కను తీసుకెళ్తే దానికీ బీకన్ కట్టొచ్చా?

మనుషుల బీకన్ కట్టకండి. కూరుకుపోయింది మనిషో కుక్కో వెతికేవాడి తెరమీద తెలియదు, అతను ముందు కుక్కను తవ్వుతాడు. వేరే ఫ్రీక్వెన్సీలో పనిచేసే పరికరం దొరికితే కట్టండి, లేదా ఆ రోజుకు దాన్ని ఇంటి దగ్గరే ఉంచండి.